లేదనని ఊరు

బొడ్డవర దాటితే రైలు కొండెక్కుతుంది, కొండెక్కితే సొరంగాలు, సొరంగాల్లో సిగ్నలు ఉండదు, కాబట్టి చూసుకోవలసినవన్నీ ఈ లోపలే చూసేసుకోవాలి అనుకుంటూ వెన్నెల ఒళ్ళోని సంచిని ఇంకాస్త దగ్గరకు లాక్కుని ఫోను తెరిచింది. సంచిలో కొత్త హార్డ్ డిస్కు ఉంది. విశాఖ అంతా తిరిగి కొన్నది, తువ్వాల్లో చుట్టి, మీద రెండు చీరలు కప్పి, పసిపిల్లను తెస్తున్నట్టు తెస్తోంది. అరకు మిషన్ స్కూలు కంప్యూటర్ గదిలో, బల్ల కింద, బూజు పట్టిన స్పీకర్ల పక్కన కూర్చున్న సర్వరుకు ఇంతవరకు రెండో ప్రతి లేదు. కొండమీది ఊళ్ళ ఆడవాళ్ళ గొంతులన్నీ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి, అది కాస్తా కాలిపోతే ఏం చేస్తావే అని ఆర్నెల్లుగా తనను తానే తిట్టుకుంటోంది, ఇవాళ్టికి ఆ తిట్టు తీరుతుంది. ఈ గొంతులన్నిటికీ ఎంత చోటు కావాలో చూద్దామని సర్వరులోకి వెళ్ళింది. చోటు మాట అటుంచి, రాకపోకల చిట్టాలో పనసగెడ్డ అనే పేరు వరసగా, ఊపిరి తీసుకోకుండా కిందికి పారుతోంది. పనసగెడ్డ, పనసగెడ్డ, పనసగెడ్డ. అది తన ఊరే. ఊరివాళ్ళ ఫోన్లలో ఉన్న సర్టిఫికెట్టే. కానీ ఊరివాళ్ళు ఇలా వినరు, ఒక్కటి పెట్టుకుని పదిసార్లు వింటారు, మధ్యలో పొయ్యి ఊదుకుంటారు, మేకను అదిలిస్తారు. ఇదెవరో వినడం లేదు, ఒకదాని వెంట ఒకటి దించుకుంటున్నారు. వచ్చే చిరునామా కూడా ఊరి ఫోన్లది కాదు, ఏదో కొత్త వైఫైది.

అప్పుడే చీకటి. రైల్లోని కుర్రాళ్ళంతా ఓ అని అరిచారు. ఆదివారం అరకు చూడడానికి వచ్చేవాళ్ళు ప్రతి సొరంగంలోనూ అరుస్తారు, ఎందుకరుస్తారో వాళ్ళకే తెలియదు, చీకటి పడితే నోరు మూసుకోవాలని వీళ్ళకు ఎవరూ నేర్పలేదు కాబోలు. తెర మీద చిట్టా గడ్డకట్టినట్టు నిలిచిపోయింది. పనసగెడ్డ అన్న చివరి ముక్క దగ్గర ఆగిన వేలు ఆగినట్టే ఉంది. దొంగ. లోపల ఎవరో ఉన్నారు. తను తాళం వేసి, గొళ్ళెం పెట్టి, గడప మీద పడుకున్నట్టు కాపలా కాసిన ఇంట్లో ఎవరో తీరిగ్గా కూర్చుని ఒక్కొక్కటీ సంచిలో వేసుకుంటున్నారు. అదీ దొంగతాళంతో కాదు, అసలు తాళంతోనే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా. వరస చూస్తే మొదట్నుంచి పోతున్నాడు, ఏది ముందు రికార్డు చేశారో అది ముందు. ఆ వరసలో ఆఖరిది అమ్మది. అమ్మ అన్నిటికీ ఆఖరే, ఊరందరూ చెప్పాక, దగ్గు కాస్త నెమ్మదించాక, ఇంక తప్పదన్నట్టు చెప్పింది, ఆపైన వానాకాలం దాటలేదు. పెద్ద ఊటకు దారి అందులో ఉంది. అమ్మ తవిటమ్మ నోట తప్ప ఆ దారి ఇంకెక్కడా అంత వివరంగా లేదు. తెలిసిన ముసలమ్మ ఒకామెకు చూపు పోయింది, ఇంకొకామె మనుషులనే మరిచిపోయింది. చివరికి తనకు కూడా, తవిటమ్మ కూతురికి కూడా, ఆ దారి కాళ్ళతో తెలియదు. రెండు మూడు ఇళ్ళలో పెద్ద కూతురికి మాత్రమే ఆ దారి చూపిస్తారు, చూపించే ఈడులో తను ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉంది.

ఊట అనే పేరు సర్వరుకు పెట్టింది కూడా అమ్మే. ఇదేటి గుంటా, ఇందులో ఏసిన మాట ఎండిపోదా అంది. ఎండిపోదమ్మా, ఊరుతూనే ఉంటుంది అంటే, అయితే ఊటే అంది. అందులోని అమరిక అర్థమయ్యేలా చెప్పడానికి తను చూరుకు వేలాడే ఆనపకాయ బుర్రలు చూపించింది. రాగుల బుర్ర వేరు, కొర్రల బుర్ర వేరు, ఒకదానికి పురుగు పడితే పక్కదానికి పాకదు, సర్వరులోనూ అంతే, గొంతులు దాచేది ఒక కంటైనరు, పేర్లు గుర్తు పెట్టుకునేది ఒకటి, వాకిట్లో నిలబడి వచ్చినవాళ్ళను చూసి తలుపు తీసేది ఒకటి, దేని బుర్ర దానిదే. అమ్మ తలూపింది. తలుపు కంటైనరు మాత్రం ఆమెకు నచ్చలేదు. తలుపెందుకే అంది. తలుపెందుకంటే అమ్మా, ఇది ఎక్కడో పెద్ద కంపెనీ కంప్యూటర్లో పెట్టలేదు, మన దగ్గరే మనమే పెట్టుకున్నాం, మనమే కాచుకోవాలి. పాస్‌వర్డులు కొట్టమంటే ఆ ఇంగ్లీషు అక్షరాలు మీలో ఎవరూ కొట్టలేరు, అందుకని ఫోనుకే ఒక సర్టిఫికెట్ ఇస్తాను, తలుపు దాన్ని చూసి మీరేనని పోల్చుకుని తీస్తుంది. సర్టిఫికెట్ అనేసరికి ఊళ్ళో సగం మంది కులం సర్టిఫికెట్ అనుకుని ఫోటోలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. అదీ ఒక ముచ్చటే. మనిషికొకటి ఇస్తానంటే మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. ఒక ఫోను ముగ్గురు వాడతారు, అన్నది చెల్లి పట్టుకుపోతుంది, చెల్లిది బావ పట్టుకుపోతాడు, మనిషికొకటేటి, మేమేటి ఏరేరు పొయ్యిలోలమా, ఊరికి ఒకటే సాలు అన్నారు. వాదించి వాదించి నోరు పడిపోయి సరే అంది. ఏ పుస్తకంలోనైనా మొదటి పేజీలోనే చెయ్యొద్దని రాసే పని అది, తెలిసే చేసింది. ఊరికి ఒకటే ఇచ్చింది, పక్క ఊళ్ళకూ ఊరికొకటే.

వెలుతురు. శివలింగపురం. సిగ్నలు ఒక గీత, రెండు గీతలు. చిట్టా మళ్ళీ పారడం మొదలైంది, సొరంగంలో ఉండగా పోయినవన్నీ గబగబా కనిపించాయి, చిన్న ఊట పోయింది, మర్రిబండ ఊట పోయింది, నాట్ల పాటలు పోయాయి. ఇంకా ఉన్నాయి, అమ్మది ఇంకా దూరంగానే ఉంది. మిషన్ స్కూలు లిదియా టీచరుకు ఫోను చేసింది, ఆవిడ వెళ్ళి కాసేపు వైరు పీకేస్తే సరి. స్విచ్చాఫ్. ఆదివారం పొద్దున ఆవిడ చర్చిలో ఉంటుంది, చర్చిలో ఫోను ఆపేస్తుంది, కంప్యూటర్ గది తాళంచెవి ఆవిడ చేతి సంచిలో ఉంటుంది, దేవుడితో మాట్లాడేటప్పుడు ఇంకెవరితోనూ మాట్లాడదు. మంచి అలవాటే, ఇవాళ తప్ప. ఇంక మిగిలింది పిన్ని. ఆదివారాలు చిట్టెమ్మ పిన్ని బొర్రా స్టేషను ప్లాట్‌ఫాం మీద జామకాయలూ మిరియాలూ పెట్టుకుని కూర్చుంటుంది, అక్కడ సిగ్నలు బాగుంటుంది. ఊళ్ళో ఎవరి ఫోను నుంచైనా సరే ఏదైనా బయటికి పోయిందంటే మొదట పిన్నినే అడగాలి. పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు.

“పిన్నీ, నానే, వెన్నెలని. ఊట తలుపుది ఎవరికైనా ఇచ్చావేటి?”

“ఇచ్చాను కాదేటి,” అంది చిట్టెమ్మ, వెనక ఎవరో జామకాయల బేరం ఆడుతుండగా. “కింద గెడ్డ పక్కన టూరిస్టులకి రూములు కట్టిస్తన్నారు సూడు, అక్కడోడు. జగదీషని, మంచి గుంటడు. మొన్న ఎండలో నడిసొచ్చి నీల్లడిగాడు. తాగాడు, కూకున్నాడు. మీ పాటలంటే నాకిష్టమమ్మా, మీ ఫోన్లోది నాకూ అంపు అన్నాడు. నాకు సేతకాలేదు, ఆడే అంపుకున్నాడు.”

“మరి దాని మాట? కొత్త ఫోన్లో ఎక్కించినప్పుడు ఒక్కసారి అడిగే పాస్‌వర్డు?”

“అదీ అడిగాడు. మేక పేరని సెప్పాను. అడిగితే సెప్పకుండా ఎలాగుంటామే?”

“పిన్నీ, ఆడు పాటలు ఇనడానికి కాదు, ఊటల కోసం...” అంటుండగా రైలు కదిలింది, మాట తెగింది, మళ్ళీ చీకటి, మళ్ళీ కుర్రాళ్ళు ఓ.

మంచి గుంటడట. పిన్నికి లోకంలో చెడ్డ గుంటడే లేడు. కోపం వచ్చింది వెన్నెలకు, ఒళ్ళంతా మండింది, పిన్ని మీదా, ఆ జగదీష్ మీదా, అందరికన్నా తన మీదా. కానీ పిన్నిని ఏమనగలదు. పనసగెడ్డలో నిప్పు, నీళ్ళు, విత్తనం, ఈ మూడూ ఎవరడిగినా లేదనకూడదు. అనకూడదంటే నిజంగా అనరు, ఆ మాటే నోటికి రానివ్వరు. విత్తనం అయిపోయిన ఇంటికి వెళ్ళి అడిగితే, నిద్దరోతంది, పక్కింట్లో లేపుకో అంటారు. కుండలో నీళ్ళు నిండుకుంటే, కూకో, వత్తన్నాయి అని బిందె పట్టుకుని గెడ్డకు పరిగెడతారు. చిన్నప్పుడు తను బలపం దాచుకుని పక్కింటి పిల్లతో లేదు అన్నందుకు అమ్మ కొట్టలేదు, తిట్టలేదు, ఆ పూట తనతో మాట్లాడలేదు. ఆ ఊరి ఆడవాళ్ళ చేతుల్లో తాళం పెట్టి, ఎవరడిగినా ఇవ్వకండి అని చెప్పి వెళ్ళిపోయింది తను. ఇవ్వకండి అన్నప్పుడు అందరూ తలూపారు. ఆ తలూపడం కూడా కాదనలేకే అని ఇప్పుడు అర్థమవుతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

ఆ జగదీష్ ఏం వెతుకుతున్నాడో వెన్నెలకు బాగా తెలుసు. పక్క కొండ మీది దూలగెడ్డలో ఏం జరిగిందో కళ్ళారా చూసింది. అక్కడ ఊటకు అడ్డు లేదు, ఎవడో నవ్వుతూ వచ్చి, మీ నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయమ్మా అన్నాడు, వాళ్ళు మురిసిపోయి దగ్గరుండి ఊట నోరు చూపించారు. మూణ్ణెల్లకు నల్లటి పైపు పడింది. కింద ఈత కొట్టే తొట్టి కట్టారు. శివరాత్రికి ఊట దారప్పోగంత అయింది, ఉగాదికి తడి బండ మిగిలింది. ఇప్పుడు దూలగెడ్డ ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని కొండ దిగి రోడ్డు దాకా వస్తున్నారు, ట్యాంకరు వచ్చిన రోజు నీళ్ళు, రాని రోజు తిట్లు. పనసగెడ్డ పెద్ద ఊట రోహిణి ఎండల్లోనూ ఆగదు. దాని నోటి మీద బండ మూసి, అడ్డాకులు పరిచి, మట్టి కప్పి ఉంచుతారు, మాఘం వెళ్ళాక దారి తెలిసిన ఆ కొద్దిమంది ఆడవాళ్ళే పోయి తీసి, పూడిక ఎత్తి, మళ్ళీ మూసేసేవారు. తెలియనివాడు దాని మీదే కూర్చుని చుట్ట కాల్చుకుని లేచిపోయినా పోల్చుకోలేడు. ఆ ఊట ఒక్కటీ దొరికితే ఆ రూముల వాళ్ళకు ఏడాది పొడుగునా నీళ్ళు. అది పోతే పనసగెడ్డ కొండ దిగాల్సిందే. మాటలు మన యాసలో, మన కొండ గుర్తులతో ఉన్నాయిగా, వాడికేం తెలుస్తుంది అనుకోవడం కూడా పిచ్చితనమే, ఆ కొండ తెలిసిన జీపు డ్రైవరును ఒక సీసా ఇచ్చి కూర్చోబెట్టుకుంటే చాలు.

అయితే ఏం చెయ్యాలి. ఇక్కణ్ణుంచి మొత్తం సర్వరును ఆపేస్తే మళ్ళీ ఎవరైనా వెళ్ళి లేపేదాకా మిగతా ఊళ్ళన్నిటికీ తలుపు మూసినట్టే, వాళ్ళేం పాపం చేశారు. అమ్మ రికార్డు ఒక్కటీ చెరిపేస్తే, చెరిపేస్తే ఇంక ఉండదు, రెండో ప్రతి పెట్టే డిస్కు ఖాళీగా తన ఒళ్ళోనే ఉంది. అమ్మ గొంతును తన చేత్తో తను చెరపదు, అది మాత్రం చెయ్యదు. పనసగెడ్డ సర్టిఫికెట్‌ను చెల్లకుండా చెయ్యాలి. తలుపు కంటైనరుకు ఒక్క వాక్యం రాసిస్తే చాలు, ఈ ముద్ర ఉన్నవాళ్ళను రానివ్వకు అని. అప్పుడు దొంగ ఆగిపోతాడు. వాడితోబాటు ఊరంతా ఆగిపోతుంది. ఆ ముద్ర ఒక్కటే కదా అందరికీ. పొద్దున్నే పొయ్యి రాజేసుకుంటూ చిట్టెమ్మ పిన్ని అక్క గొంతు పెట్టుకుంటుంది. అక్క పోయినప్పటినుంచీ ఒక్క పొద్దు మానలేదు. వింటూ సమాధానాలు చెబుతుంది, అక్కా, ఆ మేకని అమ్మీసాంలే, ఇంకా దాన్నెందుకు తిడతావు అంటుంది, అక్క దగ్గితే నీల్లు తాగు అంటుంది, అక్కడికి ఆపేసి పనిలో పడుతుంది. రేపు పొద్దున అక్క మాట్లాడదు. మీ గొంతులు మీకు ఎప్పుడూ వినిపిస్తాయి అని ఊరందరి ముందూ మాటిచ్చింది తను. ఆ మాట తప్పుతుంది. తప్పనీ. నీళ్ళుంటే ఊరుంటుంది, ఊరుంటే మాట మళ్ళీ ఇచ్చుకోవచ్చు. చీకట్లోనే వాక్యం కూర్చుకుంది, పెదవులు కదిపి రెండుసార్లు చదువుకుంది, ఎదురుగా కూర్చున్న ముసలాయన ప్రార్థన చేసుకుంటోందనుకుని చూపు తిప్పుకున్నాడు.

టైడా. ఇక్కడ రైలు ఆగుతుంది, ఎదురుగా ఖనిజం గూడ్సు వస్తుంటే ఇంకా ఆగుతుంది. దేవుడా, గూడ్సు రానీ, పొడుగాటి గూడ్సు రానీ అనుకుంది. వచ్చింది. ఎర్రటి దుమ్ముతో, పెట్టె వెనక పెట్టె, ఎప్పటికీ తరగని గూడ్సు. అందరూ ముక్కులు మూసుకుని కిటికీలు దించుతుంటే వెన్నెల ఒక్కతీ ఆ దుమ్మును ప్రేమగా చూసింది. వాక్యం కొట్టింది. ఒక అక్షరం తప్పింది, దిద్దింది. తలుపు కంటైనరుకు రాసినది మళ్ళీ చదువుకోమని చెప్పింది. సరే అంది అది. అమ్మయ్య అనుకుని చిట్టా చూసింది. కొత్తగా పనసగెడ్డ అని వచ్చినవాడిని తలుపు పొమ్మంటోంది, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు పొమ్మంది. కానీ సర్వరు నుంచి బయటికి పోయే లెక్క మాత్రం తగ్గలేదు. ఏదో ఇంకా పోతూనే ఉంది. ఏది? చూసింది. తవిటమ్మ, పెద్ద ఊట.

ఎప్పుడు మొదలుపెట్టాడో, అది అందరివాటికన్నా పొడుగైనది, కిందికి దిగుతూనే ఉంది. తలుపు మూశాను కదా, మూశాను కదా అని మనసు అదే మాట పట్టుకుని వేలాడింది, తరవాత వెలిగింది. మళ్ళీ చదువుకో అని చెప్పడం మర్యాద. అలా చెబితే తలుపు కొత్తవాళ్ళను ఆపుతుంది గానీ, అప్పటికే లోపల కూర్చున్నవాళ్ళను లేవమనదు, వాళ్ళ పని వాళ్ళు ముగించుకుని తీరిగ్గా పోవచ్చు, వెళ్ళేటప్పుడు నమస్కారం కూడా పెడుతుంది. తను ఎప్పుడూ అదే చేస్తుంది. మధ్యలో ఎవరైనా పాట వింటుంటే తెగిపోతుందని, పాపం అని, ఎప్పుడూ ఆ మర్యాదైనదే కొడుతుంది, వేళ్ళకు అదే వచ్చు. తను మాత్రం పనసగెడ్డది కాదా ఏం. మొహమాటానికి పోతే ఏమవుతుందో పెద్దలు మోటుగానే చెప్పారు, ఊరికే చెప్పలేదు. మర్యాద లేనిది ఇంకొకటుంది, కంటైనరునే పడేసి లేపడం, లోపల ఎవరున్నా మెడ పట్టి గెంటినట్టే, ఎంత మధ్యలో ఉన్నా అక్కడికక్కడ తెగుతుంది. గూడ్సు అయిపోయింది. ఆఖరి పెట్టె వెళ్ళిపోయింది, దాని వెనక పచ్చటి జెండా. రైలు కూత వేసింది. వెన్నెల కొడుతోంది, ఆ మాట కొట్టి పంపించేసరికి పెట్టె కుదుపుతో ముందుకు కదిలింది, ఎదురుగా సొరంగం నోరు. పోయిందా లేదా తెలియలేదు. తెర మీద గుండ్రంగా ఏదో తిరిగింది, తిరుగుతూనే చీకటి పడింది.

ఈసారి కుర్రాళ్ళు అరిచినా ఆమెకు వినబడలేదు. అమ్మ వినబడుతోంది. ఆ రోజు చలి, అమ్మ పొయ్యి దగ్గర గోనె మీద కూర్చుంది, తను ఫోను పట్టుకుని, చెప్పమ్మా, ఊరి నుంచి ఎటు నడవాలి అని అడిగింది. అమ్మ ఏ సంగతీ మొదటినుంచి మొదలుపెట్టదు, దాని తాతముత్తాతల నుంచి మొదలుపెడుతుంది. నాన్న ఆమెను పెళ్ళి చూపులకు వచ్చిన నాడు ఎంత వాన కురిసిందో చెప్పింది. చెల్లెలు చిట్టెమ్మ చిన్నప్పుడు ఊట నీళ్ళలో కాలు పెడితే వాళ్ళమ్మ ఎలా వీపు చీరేసిందో చెప్పింది. మధ్యలో మేక వచ్చి అడ్డాకుల కట్ట నమిలితే దాన్ని, దాన్ని కన్నదాన్ని, దాన్ని అమ్మినవాడిని కలిపి తిట్టింది. దగ్గింది. చాలాసేపు దగ్గింది. అదంతా తీసేద్దామా అని తరవాత తను అనుకుంది, చెవి దగ్గర పెట్టుకుని ఎక్కడ కత్తిరించాలో కూడా చూసుకుంది, అప్పటికి అమ్మ ఆసుపత్రిలో ఉంది, దగ్గుతో సహా ఉండనీ అనిపించి ముట్టుకోలేదు. ఆ దగ్గు తరవాత, నీళ్ళు తాగి, గొంతు మార్చి, ఇప్పుడిను గుంటా అని మొదలుపెట్టింది. జీలుగు చెట్ల వరస దాటాక రాయి కుడిపక్కన ఉండేలా నడువు. అక్కణ్ణుంచీ దారి. ఆ మాట దాకా వాడు వచ్చాడా. వచ్చి ఉంటే పెద్ద ఊట పోయినట్టే, ఎంత గెంటినా లాభం లేదు. రాకపోతే ఉన్నట్టు. అమ్మా, ఈ ఒక్కసారికి నీ సోది కాస్త పొడుగ్గా ఉండి ఉంటే బాగుండును అనుకుంది, అనుకున్నాక కళ్ళలో నీళ్ళు వచ్చాయి. బతికున్నన్నాళ్ళూ బేగి చెప్పమ్మా, బేగి చెప్పమ్మా అని ప్రాణం తీసింది ఆమెను. సొరంగం గోడ మీద నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. కొండ లోపల కూడా ఎక్కడో ఊట ఉంది.

చిమిడిపల్లి ముందర వెలుతురు వచ్చింది. సిగ్నలు రాలేదు. వచ్చింది, పోయింది. ఫోనును కిటికీ కమ్మీల బయటికి చాచి పట్టుకుంది, ఎదుటి ముసలాయన, “పడిపోద్దమ్మా,” అన్నాడు. పడిపోదు అంది, పడితే దూకి తెచ్చుకుంటాను అని మనసులో అనుకుంది. చిట్టా తెరుచుకుంది. కంటైనరు పడి, లేచింది. తవిటమ్మ, పెద్ద ఊట, మధ్యలో తెగిపోయింది. ఎంత పోయిందో అంకె ఉంది, మొత్తం ఎంతో కూడా తనకు తెలుసు. వేళ్ళతో కాదు, కాగితం మీద కాదు, అమ్మ గొంతుతో లెక్క వేసింది, పెళ్ళిచూపుల వాన పోయింది, పిన్ని వీపు పోయింది, మేక పోయింది, దగ్గు మొదలైంది. దగ్గు ఇంకా అవ్వలేదు. దగ్గులో తెగింది. వాడికి దక్కింది ఒక వాన, ఒక మేక, ఒక ముసలామె దగ్గు. మిగతా ఊటల రికార్డులు వాడికి చేరాయి, అవి గ్రామసభలో అందరికీ తెలిసినవే, వేసవికి ఎండేవే, వాటితో రూముల వాళ్ళ దాహం తీరదు. పెద్ద ఊట ఉంది. వెన్నెల తల వెనక్కి ఆనించి నోరు తెరిచి గట్టిగా ఊపిరి తీసుకుంది, ఎర్ర దుమ్ము గొంతులోకి పోయి ఆమెకూ దగ్గు వచ్చింది.

దగ్గు తగ్గేసరికి మనసు కూడా తేరుకుంది. ఇప్పుడు అరకు వెళ్ళగానే మొదటి పని డిస్కు పెట్టడం, రెండో ప్రతి తియ్యడం. తరవాత కొత్త సర్టిఫికెట్లు. ఊరికొకటి కాదు, ఈసారి ఎవరు మొత్తుకున్నా సరే, మనిషికొకటి, ఆ మనిషి పేరుతో, ఆర్నెల్లకోసారి మార్చేవి. ఇంకొక చోటికి పంపడానికి వీల్లేకుండా తన చేత్తోనే ఎక్కిస్తుంది. ఏరేరు పొయ్యిలోలమా అంటే, అవును, ఈ ఒక్కదానికి ఏరేరే అంటుంది. తిట్టుకుంటారు. హాస్టల్లో చదివి గుంట సెడిపోయింది అంటారు. అననీ. అయితే ఎవరెవరికి ఇవ్వాలి. ఇచ్చేముందు ఒక్కటే అడగాలి ఒక్కొక్కరినీ, అది పిన్నితోనే మొదలుపెట్టాలి, పిన్నిని అడగకుండా ఊళ్ళో ఇంకెవరినీ అడిగే మొహం తనకు లేదు. పిన్ని ఏమంటుందో తెలుసు. తెలిసినా అడగాలి. పిన్ని చెయ్యి పట్టుకుని నడవడం నేర్చుకుంది, అమ్మ పోయాక పిన్ని వండిన గంజే తాగింది. రైలు మలుపు తిరిగితే బొర్రా కనబడుతుంది, ఈ మలుపు ఇంకాస్త పొడుగ్గా ఉంటే బాగుండును అనిపించింది, అనిపించినందుకు తనను తాను కసురుకుంది.

బొర్రాలో రైలు ఆగకముందే చిట్టెమ్మ గంప వదిలేసి కిటికీ కిటికీ వెతుక్కుంటూ వచ్చింది. ఒక చేతిలో ఫోను. తల మీది కొంగు జారిపోయింది.

“తలుపు తియ్యట్లేదే,” అంది. “ఇందాకట్నుంచి సూత్తన్నాను. అక్క మాట రావట్లేదు. ఏటైంది, బేగి సూడు.”

“నానే మూసాను, పిన్నీ. ఆ గుంటడు పెద్ద ఊట కోసం వచ్చాడు. దారి వరకూ ఎల్లలేదు, మజ్జిలో తెంపేసాను.”

చిట్టెమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. దూలగెడ్డ ఆడవాళ్ళ బిందెలు ఆమే ఎన్నోసార్లు వాళ్ళ నెత్తికెత్తింది, చెప్పాల్సిన పని లేదు.

“నీల్లు తాగాడే నా ఇంట,” అంది.

“కొత్తవి సేత్తాను. మనిషికొకటి.”

“ఎదర నాకియ్యి. పొద్దున్నే దాని మాట లేకపోతే నాకు పొయ్యి ముట్టదు.”

“పిన్నీ, రేపు ఇంకోడొచ్చి అడిగితే?”

చిట్టెమ్మ ఆలోచించింది. అబద్ధం చెప్పవచ్చు, ఇవ్వనని ఒక మాట అనేస్తే అయిపోతుంది, వెన్నెల నమ్మడానికి సిద్ధంగానే ఉంది, నమ్మాలని ప్రాణం కొట్టుకుంటోంది. పిన్ని కిటికీ కమ్మీ పట్టుకుని కిందికి చూసి, పైకి చూసి, “ఇచ్చీత్తాను గావాల,” అంది. “కూకుని అడిగితే లేదని ఎలాగంటామే.”

“అయితే నీకు లేదు, పిన్నీ.”

అనేసింది. గొంతు గట్టిగానే వచ్చింది. పక్కన అడ్డాకులు కట్టలు కడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు చేతులాపి చూశారు. చిట్టెమ్మ మొహంలోకి చూడకుండా ఉండడం వెన్నెలకు సాధ్యం కాలేదు, చూసింది. కోపం లేదు అక్కడ. దెబ్బ తిన్నట్టు కూడా లేదు. కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది పిన్ని, పోల్చుకోవడానికి కాస్త కష్టపడుతున్నట్టు. వినాలంటే నా దగ్గరకు రా, నేను పెడతాను, రోజూ పెడతాను అని చెప్పాలనుకుంది, చెప్పింది కూడా. రైలు కూత వేసింది. చిట్టెమ్మ చేతిలోని ఫోనును ఒకసారి కొంగుతో తుడిచి, కమ్మీల మధ్యనుంచి లోపలికి పెట్టింది.

“ఇదీ నువ్వే ఉంచు. ఆడు మల్లా అడుగుతాడు. నా సేతిలో ఉంటే నాను ఇచ్చీత్తాను.”

వెన్నెల తీసుకుంది. వద్దనలేదు. ఫోను వెచ్చగా ఉంది. పిన్ని రైలు వెంట నడవలేదు, వెనక్కి తిరిగి గంప దగ్గరకు వెళ్ళి కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుంది, చేతులతో ఏం చెయ్యాలో తెలియనట్టు ఒక జామకాయ తీసి మళ్ళీ పెట్టింది. ఏడవాలనిపించింది వెన్నెలకు, ఏడిస్తే తను కరిగి పిన్నికి ఇచ్చేస్తుంది, కాబట్టి ఏడవలేదు. ప్లాట్‌ఫాం చివర దాటుతుండగా ఒళ్ళోని పిన్ని ఫోను మోగింది. చదవడం రాని పిన్నికి వాడు వాయిస్ మెసేజే పంపాడు. వెన్నెల నొక్కింది. తేనె పూసిన గొంతు, వెనక ఏదో కాంక్రీటు కలిపే చప్పుడు. “అమ్మా, నేను జగదీష్‌ని. మీ అక్కగారిది సగంలో ఆగిపోయిందమ్మా. ఎంత బాగా మాట్లాడారో. మిగతాది ఉంటే పంపిస్తారా?” ఎదుటి ముసలాయన చూస్తున్నాడు. కొండ మలుపు తిరుగుతోంది, ముందు సొరంగం కనబడుతోంది, సిగ్నలు ఇంకా ఒక గీత ఉంది. వెన్నెల ఫోనును నోటి దగ్గర పెట్టుకుని, మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టి, పిన్ని పేరు మీద, పనసగెడ్డ పేరు మీద, ఒక్క మాట చెప్పింది.

“లేదు.”